పల్లెవెలుగు బస్సులో స్టోయిక్ సాధన: ఒక కండక్టరు పద్ధతి

పోయిన వేసవిలో నరసన్నపేట దాటాక ఒకాయన ఐదొందల నోటు చాపి చిన్న టిక్కెట్టు అడిగాడు. చిల్లర లేదు. దిగేటప్పుడిస్తానని టిక్కెట్టు వెనక బాకీ రాసిచ్చాను. కోటబొమ్మాళి వచ్చేసరికి ఆయన లేచి నిలబడి, "ఇలాటోళ్ళే సిల్లర నొక్కేసి మేడలు కట్టేస్తన్నారు" అని బస్సంతా వినేలా అన్నాడు. వెనక సీట్లో మా ఊరి మామ్మ ఉంది. డబ్బు ఇచ్చేశాను, ఆయన దిగిపోయాడు. ఆ మాట మాత్రం నాలుగు రోజులు నా బుర్రలోంచి దిగలేదు. అన్నం ముందు కూర్చున్నా అదే, టిక్కెట్లు కొడుతున్నా అదే.

మా అమ్మాయి విశాఖలో సైకాలజీ చదువుతోంది. ఫోన్లో అంతా విని, "ఆయన అన్నది ఒక్కసారే కదా నాన్నా, మిగతా అన్నిసార్లూ అన్నది నువ్వే" అంది. మనుషుల్ని కుదిపేసేది జరిగిన సంగతి కాదు, దాని మీద వాళ్ళు కట్టుకున్న అభిప్రాయం అని ఎపిక్టెటస్ చెప్పిన మాట ఆ రోజే విన్నాను. ఆయన స్టోయిక్కు, అంటే మనసు చెదరకుండా బతకడం నేర్పిన పాతకాలపు గ్రీకు, రోమను తత్వవేత్తల్లో ఒకడు. 1950ల్లో అమెరికా సైకాలజిస్టు ఆల్బర్ట్ ఎల్లిస్ తన చికిత్సా పద్ధతిని మొదలుపెట్టినప్పుడు ఆధారం చేసుకున్నది ఈ మాటనేనట. 1960ల్లో ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీకీ (ఆలోచన తీరు మార్చే చికిత్స) మూలాలు స్టోయిక్కులలోనే ఉన్నాయట.

ఈ ఎపిక్టెటస్ బానిసగా పుట్టినవాడు, కుంటివాడు. దాదాపు 1,900 ఏళ్ళ కిందట రోమ్ నుంచి వెళ్ళగొడితే గ్రీసులో నికోపొలిస్‌కి పోయి బడి పెట్టుకున్నాడు. ఆయన స్వయంగా ఏమీ రాయలేదు, శిష్యుడు అరియన్ రాసుకున్నదే మనకి మిగిలింది. నేను చదివింది అందులో 'ఎన్‌కైరిడియన్' అనే చిన్న పుస్తకం, నైట్ హాల్ట్ బస్సుల్లో, దోమతెరలో, ఫోన్ వెలుతురులో. తెలియని ఇంగ్లీషు ముక్కలు అమ్మాయికి వాట్సాప్ చేసేవాణ్ణి.

అందులో నాకు బాగా పట్టుకున్నది స్నానాల సంగతి. అప్పట్లో అందరూ ఊరుమ్మడి స్నానశాలకి వెళ్ళేవారు. వెళ్ళే ముందే అక్కడ ఏం జరుగుతుందో గుర్తు చేసుకోమంటాడు: నీళ్ళు చిమ్మేవాళ్ళు, తోసేవాళ్ళు, తిట్టేవాళ్ళు, బట్టలు కాజేసేవాళ్ళు. ఇది చదివి గట్టిగా నవ్వాను. పల్లెవెలుగు గురించి ఇంతకంటే బాగా ఎవరు రాస్తారు?

అక్కణ్ణించే మొదలుపెట్టండి. డ్యూటీ ఎక్కేముందు, టీ చల్లారేలోపు రెండు నిమిషాలు చాలు. నేనిలా అనుకుంటాను: ఈ రోజు రథసప్తమి, అరసవల్లి జనం తలుపుల దగ్గర వేలాడతారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి జీరో టిక్కెట్టు కొడుతూ కార్డు అడగాలి, ఒకావిడ "ఇంట్లో మరిసిపోనాను బావూ" అంటుంది, వెనక నుంచి ఒకడు విసుక్కుంటాడు. తర్వాత ఎపిక్టెటస్ చెప్పినట్టే రెండు పనులు పెట్టుకుంటాను. టిక్కెట్లు కొట్టడం ఒకటి, మనసు చెదరకుండా చూసుకోవడం రెండోది. మొదటిదానికి జనం అడ్డం పడొచ్చు. రెండోదానికి నేను తప్ప అడ్డం పడేవాడు లేడు.

ఒక హెచ్చరిక. దిగులు స్వభావం ఉన్నవాళ్ళు ఈ రెండు నిమిషాల్ని రెండు గంటలు చేసుకుంటారు. ఊహించే ప్రతి చిక్కుకీ చివర "అప్పుడు నేనిది చేస్తాను" అని ఒక ముక్క తగిలించండి. అది తగలకపోతే అక్కడితో ఆపేయండి, అది సాధన కాదు, వట్టి బెంగ.

రెండో పనికి కాగితం కావాలి. టిక్కెట్ మిషన్లో రోలు అయిపోయాక చివర మిగిలిన ముక్క నాకు సరిపోతుంది. మధ్యలో గీత గీసి, ఎడం వైపు సీసీ కెమెరాకి కనిపించేది, వినిపించేది మాత్రమే రాయండి. కుడి వైపు మీరు కలిపింది. నా కాగితంలో ఎడం వైపు: "ఒక ప్రయాణికుడు చిల్లర గురించి ఒక వాక్యం అన్నాడు." కుడి వైపు: "మామ్మ ఊరంతా చెప్పేస్తుంది. పందొమ్మిదేళ్ళ సర్వీసు బూడిదలో పోసినట్టే. అందరూ నన్ను దొంగే అనుకుంటున్నారు." ఎడం వైపు ఒక వరస, కుడి వైపు కాగితం చాల్లేదు. ఒకడు గబగబా స్నానం చేస్తే 'సరిగ్గా చెయ్యలేదు' అనకు, 'గబగబా చేశాడు' అను అంటాడు ఎపిక్టెటస్. మామ్మని తర్వాత అడిగితే ఆవిడకి ఆ గొడవే గుర్తులేదు, దారంతా నిద్రపోయిందట.

ఇక అందరికీ తెలిసిన ముక్క: మన చేతిలో ఉన్నది, లేనిది. డిపోలో ఎవరికి చెప్పినా "ఇది మన భగవద్గీతే కదా" అంటారు. పోలిక ఉంది, కాదనను. కానీ మన వైపు దీన్ని వాడే తీరులో ఒక తప్పుంది, అది నేనూ చేశాను.

మా బావది కంచిలి దగ్గర ఉద్దానం పల్లె, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. ఆ మధ్య రక్త పరీక్షలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీ సరిగ్గా పనిచెయ్యట్లేదని. "ఉద్దానం నీల్లు బావా, మన సేతిలో ఏటుంది" అన్నాడు. పుస్తకం అప్పుడే చదివిన ఊపులో నేను తలూపి, రెండువేల ఏళ్ళ కిందటే ఇదే చెప్పారన్నాను. పెద్ద జ్ఞానినైపోయినట్టు. అమ్మాయి విని మండిపడింది. ఒళ్ళు మన చేతిలో లేదని ఎపిక్టెటస్ అన్న మాట నిజమే, కానీ ఆ ఒంటి గురించి ఏం చెయ్యాలో తేల్చుకోవడం మన చేతిలోదే అన్నాడు కదా, ఆ సగం ఎక్కడ వదిలేశావంది. స్టోయిక్కుల విలుకాడి పోలిక రోమ్ రచయిత సిసెరో పుస్తకంలో ఉంది: గురి చూడడం, నారి లాగడం వరకే విలుకాడిది, బాణం తగలడం కాదు. మరి మేం అసలు విల్లే ఎత్తలేదు.

అప్పుడు బావ, నేను కూర్చుని రోలు కాగితం మీద రాశాం. చేతిలో లేనివి: ఆ జబ్బు ఎందుకొస్తోందన్నది (ఇదీ కారణమని శాస్త్రవేత్తలే ఇంకా తేల్చలేదు), రిపోర్టులో వచ్చే అంకె. చేతిలో ఉన్నవి: తారీఖు తప్పకుండా పలాస ఆసుపత్రికి వెళ్ళడం, జీడితోటలో ఒళ్ళు నొప్పులొస్తే మందుల షాపులో సొంతంగా బిళ్ళలు కొని మింగకపోవడం, నేను తోడు వెళ్ళడం. మీరూ అలాగే రాయండి. రెండో వరస ఖాళీగా ఉంటే మీరు రాసింది స్టోయిసిజం కాదు, నుదుటిరాత.

రాత్రి పని సెనెకాది, ఆయన రోమ్‌లో ఇంకో స్టోయిక్కు. దీపం ఆర్పి, అలవాటు తెలిసిన భార్య మాట ఆపాక, రోజంతా చేసినవి, అన్నవి ఒక్కటీ దాచకుండా తిరగేసుకునేవాడట. మా ఇంట్లో దీపం ఆర్పాకే మాటలు మొదలవుతాయి, అందుకే నేను నైట్ హాల్ట్ రోజుల్లో వెనక సీట్లో చేసుకుంటాను. రోమ్ చక్రవర్తి నీరోకి గురువై అంత డబ్బు పోగేసి, క్రీ.శ. 65లో అదే నీరో ఆజ్ఞ మీద ప్రాణం తీసుకున్న మనిషి, నాకు పూర్తిగా నచ్చడు. కానీ తప్పు కనపడితే తనతో తాను "ఇంకెప్పుడూ చెయ్యకు, ఈసారికి క్షమించాను" అనుకునేవాడు. ఆ చివరి ముక్క వదలకండి. అది లేకపోతే రోజూ రాత్రి మనల్ని మనమే తిట్టుకోవడం అవుతుంది.

ఏడుపు ఆపుకోమని వీళ్ళెవరూ అనలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గాలికి మామయ్య కొబ్బరి చెట్లన్నీ ఒక్క రాత్రిలో పడిపోయాయి. అప్పటికి ఈ పుస్తకాలేవీ తెలియవు, ఇద్దరం తోట గట్టున కూర్చుని ఏడ్చాం. కన్ను పూర్తిగా పొడిగా ఉండక్కర్లేదు, పొర్లిపోనూ కూడదు అని ఒక ఉత్తరంలో రాసింది కూడా సెనెకాయే. ఇక రెండు వారాలైనా నిద్ర రాకపోయినా, బతుకు మీద విసుగు పుడుతున్నా కాగితాలు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి, లేదా మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. ఉచితం.

వచ్చే బుధవారం బావకి పలాసలో తారీఖు. సెలవు పెట్టాను. ముందు రోజు రాత్రికే కంచిలి చేరి, పొద్దున్నే ఫస్టు బస్సెక్కిస్తాను. చిల్లర సరిగ్గా లెక్కపెట్టి జేబులో వేసుకున్నాను, ఆ కండక్టరుకైనా గొడవ ఉండదు.