బండి సర్వీసు లెక్క పుస్తకంలోనా, ఫోన్లోనా?

తిరుపతిలో ట్రావెల్స్ బండ్లు నడిపేవాళ్లు చాలామంది సర్వీసు బిల్లులన్నీ డ్యాష్‌బోర్డు అరలో కుక్కేస్తారు. మన ఎండకు అవి నిలవవు, థర్మల్ కాగితం వేడికి నల్లబడుతుంది, లేదంటే అక్షరాలే వెలిసిపోతాయి. అలాగని అంతా ఫోన్లోనే పెట్టుకోమని నేను చెప్పను. రెండూ ఉండాలి. షెడ్డులో రాయడానికి పుస్తకం, తర్వాత వెతకడానికి ఫోన్.

కుట్టు బైండింగ్ ఉన్న నోటుబుక్కే కొనండి, స్పైరల్‌లో పేజీ చించినా తెలియదు. పేజీ నంబర్లు ముందే వేసేయండి. పని జరిగిన చోటే తేదీ, కిలోమీటర్ రీడింగ్, ఏం మార్చారు, ఏ కంపెనీ పార్టు, దాని నంబరు రాసి మెకానిక్ చేత సంతకం పెట్టించండి. 'బ్రేకులు చూశాం' అని రాస్తే దండగ. 'ముందు ప్యాడ్లు మార్చాం, బ్రేక్ ఫ్లూయిడ్ మొత్తం తీసి డాట్ 4 రకం కొత్తది పోశాం' అని ఉండాలి. ఎందుకింత పట్టింపు అంటే, బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, తిరుమల నుంచి ఘాట్ రోడ్డులో దిగుతూ బ్రేకు తొక్కీ తొక్కీ వేడెక్కితే లోపల ఆవిరి బుడగలు చేరి పెడల్ మెత్తబడిపోతుంది. ఆ తేమ కంటికి కనబడదు. ఎప్పుడు మార్చారో రాసుకున్న తేదీ ఒక్కటే మనకు ఆధారం.

రాతలో తప్పు పడితే వైట్‌నర్ వద్దు. విమానాల రికార్డుల్లో చేసినట్టే ఒక్క గీత కొట్టి, పాతది చదవగలిగేలా వదిలి, పక్కన సరైనది రాసి సంతకం చేయండి. రేణిగుంటలో దిగే విమానమైనా, రిపేరు చేశాక లైసెన్సున్న ఇంజినీరు సంతకం పడందే ఎగరదు. ఇంజిన్లో ఇన్నిసార్లే వాడాలని పరిమితి ఉన్న పార్టుకు లెక్క దొరక్కపోతే, అది కొత్తదిలా మెరుస్తున్నా బిగించరు. మనం అంత దూరం పోనక్కర్లేదు గానీ ఆ పట్టుదల మాత్రం నేర్చుకోవాలి.

ఇక ఫోన్. బిల్లు, పుస్తకం పేజీ, మీటరు, మూడింటికీ అదే రోజు ఫొటోలు తీయండి. ఫైలు పేరు సంవత్సరంతో మొదలుపెట్టి '2025-03-14 బ్రేక్' అని పెడితే వరుస దానంతటదే కుదురుతుంది. గూగుల్ షీట్‌లో ఒక్కో పనికి ఒక్కో వరుస, చివరి గడిలో 'మళ్లీ ఎప్పుడు' అని. వాట్సాప్‌లో పంపుకుని వదిలేయకండి, ఇంట్లో ఇంకొకరికి కూడా ఆ షీట్ షేర్ చేయండి.

ఆర్‌సీ, ఇన్సూరెన్స్ ప్రభుత్వ యాప్‌లైన డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో చూపిస్తే చెల్లుతాయి, ఫొటో తీసి పెట్టుకున్నవి కాదు. సర్వీసు చరిత్ర మాత్రం వాటిలో ఉండదు, అది మీరే రాసుకోవాలి. బండి అమ్మేటప్పుడు పేజీలన్నీ ఫొటో తీసుకుని పుస్తకం కొన్నవాళ్ల చేతికిచ్చేయండి.