ఫ్లాస్ వేళ్ల నుంచి జారిపోతుంటే ముడి వేసి చూడండి

మామిడిపండు తిన్నా, మునక్కాడ నమిలినా పళ్ల సందుల్లో పీచు ఇరుక్కుంటుంది. ఫ్లాస్‌తో, అంటే పళ్ల సందులు శుభ్రం చేసే సన్నటి దారంతో తీద్దామంటే అది వేళ్ల నుంచి జారిపోతుంది, గట్టిగా చుట్టుకుంటే వేలి కొసలు నొప్పి పెడతాయి.

సుమారు 30 సెంటీమీటర్ల దారం, అంటే స్కూలు స్కేలంత, తెంపి రెండు కొసలూ కలిపి రెండు మూడు ముళ్లు గట్టిగా వేయండి. గుండ్రంగా వస్తుంది కదా, బొటనవేళ్లు తప్ప మిగతా వేళ్లన్నీ అందులో దూర్చి బిగుతుగా లాగి పట్టుకోండి. పై పళ్లకు బొటనవేళ్లతో, కింది పళ్లకు చూపుడువేళ్లతో నడపాలి. మధ్యలో రెండు మూడు సెంటీమీటర్ల దారం చాలు. ఒక్కసారిగా నొక్కితే చిగురు తెగుతుంది, అందుకే అటూ ఇటూ మెల్లగా ఆడిస్తూ దించండి. లోపలికి వెళ్లాక పంటిని ఆనించి కిందికీ పైకీ నాలుగైదు సార్లు రుద్ది, అదే సందులో పక్క పంటినీ అలాగే రుద్దండి. పీచు ఒక్కటే తీసి వదిలేస్తే పాచి అక్కడే ఉండిపోతుంది. ప్రతి సందుకూ దారాన్ని కాస్త తిప్పుకుంటే శుభ్రమైన భాగం వస్తుంది. వేళ్ల పట్టు తగ్గిన పెద్దవాళ్లకు ఇది నిజంగా హాయి.

బ్రిడ్జి (ఊడిన పంటి చోట పక్క పళ్లకు కలిపి పెట్టే కట్టుడు పన్ను) కట్టించుకున్నవాళ్లకు, క్లిప్పులు ఉన్నవాళ్లకు మాత్రం అక్కడ ఈ ముడి దారం పనికిరాదు, బ్రిడ్జిలో పళ్లు అతికి ఉంటాయి, క్లిప్పులకు తీగ అడ్డొస్తుంది. సందులు బాగా వెడల్పుగా ఉన్నా అంతే. వాళ్లు మెడికల్ షాపులో దొరికే ఇంటర్‌డెంటల్ బ్రష్ (పళ్ల సందుల్లో దూర్చే చిన్న బ్రష్) వాడాలి, బలవంతం లేకుండా దూరే సైజు చూసి తీసుకోండి.