అపార్ట్‌మెంట్‌లో వైఫై ఛానెల్ ఎలా ఎంచుకోవాలి?

నిజాంపేట, కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంట్లలో గోడకో రౌటర్. రాత్రి ఎనిమిదింటికి వీడియో ఆగిపోతుంటే ముందు ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రౌటర్‌కి కలిపి స్పీడ్ చూడండి. అక్కడా నెమ్మదిగా ఉంటే తప్పు వైఫైది కాదు. అక్కడ బాగుంటేనే ఛానెల్, అంటే రౌటర్ సిగ్నల్ పంపే రేడియో దారి, సంగతి.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ వేసుకుని, మీరు రోజూ కూర్చునే చోటే, రద్దీ వేళలోనే చూడండి. యాప్ సిగ్నల్ బలాన్ని మైనస్ అంకెల్లో (dBm) చూపిస్తుంది: −60 అంటే బలమైన సిగ్నల్, −85 అంటే దాదాపు పట్టించుకోనక్కర్లేదు.

వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఛానెళ్ల మధ్య ఎడం 5 మెగాహెర్ట్జే, సిగ్నల్ వెడల్పు మాత్రం 20. అందుకే ఒకదానిమీదొకటి పడనివి 1, 6, 11 మాత్రమే. ఖాళీగా కనిపించిందని 3 గానీ 4 గానీ పెట్టకండి, అది అన్నిటికంటే చెడ్డ ఎంపిక. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాన్నొకటి విని వంతులు వేసుకుంటాయి. 3లో ఉంటే అటు 1వాళ్ల సిగ్నల్, ఇటు 6వాళ్ల సిగ్నల్ మీకు రొద, మీది వాళ్లకి రొద. డేటా పాడై మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంది. ఈ మూడింట్లో బలమైన పొరుగులు తక్కువున్నది తీసుకుని, వెడల్పు ఆటోలో వదలకుండా 20కి కట్టేయండి.

టీవీ, ల్యాప్‌టాప్, ఫోన్లు వైఫైలోని మరో బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. స్మార్ట్ బల్బులు చాలావరకు 2.4లోనే పనిచేస్తాయి. 5లో చాలా రౌటర్లు 80 మెగాహెర్ట్జ్ వెడల్పుతో ఒక్కొక్కటే నాలుగేసి ఛానెళ్లు ఆక్రమిస్తాయి. 40 చేస్తే 36, 44, 149, 157 అని నాలుగు చోట్లు దొరుకుతాయి. 52 నుంచి 144 వరకు రాడార్లతో పంచుకునే ఛానెళ్లు. అక్కడ రౌటర్ కనీసం ఒక నిమిషం విని గానీ మొదలుపెట్టదు, రాడార్ వినిపిస్తే వెంటనే తప్పుకుంటుంది. తరచూ ఖాళీగా ఉంటాయి కాబట్టి ప్రయత్నించవచ్చు, కానీ కొన్ని పాత టీవీలకు ఆ ఛానెళ్లు అసలు కనిపించవు.

అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మాట్లాడుకుని పంచుకుంటే ఇంకా మేలు: అంతస్తులో నాలుగు ఫ్లాట్లకు ఆ నాలుగు చోట్లు, పై అంతస్తులో ఒక్కో స్థానం జరిపి. స్లాబు సిగ్నల్‌ని తగ్గిస్తుందే తప్ప పూర్తిగా ఆపదు.

రౌటర్ కింద అంటించిన స్టిక్కర్ మీద సెట్టింగుల కోసం బ్రౌజర్‌లో కొట్టాల్సిన అడ్రసు, పాస్‌వర్డ్ ఉంటాయి, చాలావాటికి 192.168.1.1. వైర్‌లెస్ సెట్టింగుల్లో ఆటో తీసేసి నంబరు పెట్టండి. చాలా రౌటర్లలో ఆటో అంటే ఆన్ చేసినప్పుడు ఖాళీగా ఉన్నది చూసుకోవడమే, పొద్దున కరెంటు పోయి వస్తే పొద్దుటి ఖాళీనే నమ్ముకుంటుంది. మార్చాక రెండు మూడు రాత్రులు అదే చోట కొలవండి. కొత్తవాళ్లు అద్దెకు దిగినప్పుడు మళ్లీ ఒకసారి చూడండి.