విదేశంలో తొలి సెమిస్టరు: ఏ సహాయం ఎప్పుడు అడగాలి

విదేశంలో చదువు మొదలుపెట్టే విద్యార్థికి అండగా నిలవడానికి దాదాపు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఒక యంత్రాంగం ఉంటుంది. వీసా వ్యవహారాలు చూసే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం, కోర్సుల ఎంపికలో దారి చూపే అకడమిక్ అడ్వైజరు, ఆరోగ్య కేంద్రం, కౌన్సెలింగ్ కేంద్రం, రైటింగ్ సెంటరు, వైకల్యం ఉన్నవారికి ఏర్పాట్లు చేసే విభాగం, విద్యార్థి సంఘం నడిపే సలహా కేంద్రం వంటివి పేర్లు మారినా అన్ని చోట్లా కనిపిస్తాయి. వీటిలో చాలావాటికి విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. అయినా ఇబ్బందిలో పడ్డ విద్యార్థి తరచుగా ఆ తలుపు తట్టేది పరిస్థితి చెయ్యిదాటిన తరువాతే. ఈ కార్యాలయాలు చేయగలిగిన మేలులో ఎక్కువ భాగం గడువు ముగియకముందు, సంతకం పెట్టకముందు, కోర్సు వదలకముందు మాత్రమే సాధ్యమవుతుంది. అందువల్ల ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుసుకుంటే చాలదు, ఏ పని చేయబోయే ముందు వెళ్లాలో కూడా తెలిసి ఉండాలి.

బయలుదేరే ముందు

ప్రవేశం ఖాయమైన నాటి నుంచే విశ్వవిద్యాలయం ఇచ్చిన ఈమెయిల్ ఖాతాను రోజూ చూసే అలవాటు చేసుకోవాలి. ఓరియెంటేషన్ తేదీలు, హాస్టల్ దరఖాస్తు గడువు, టీకాల పత్రాలు, బీమా వివరాలు ఆ ఖాతాకే వస్తాయి. సొంత ఈమెయిల్‌కు రాలేదు కాబట్టి తెలియలేదన్న మాట తరువాత ఎవరి దగ్గరా చెల్లదు.

ప్రయాణం తేదీని సొంతంగా నిర్ణయించుకోకూడదు. అమెరికాకు ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై వెళ్లేవారిని, విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 అనే ప్రవేశ పత్రంలోని ప్రారంభ తేదీకి 30 రోజుల కంటే ముందు దేశంలోకి అనుమతించరు. చదువు మొదలైన 30 రోజుల్లోగా, విదేశీ విద్యార్థుల రికార్డులు చూసే డీఎస్‌ఓ అనే అధికారి ఆ విద్యార్థి వచ్చి చేరినట్టు సెవిస్ అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదు చేయాలి. ఏ కారణం వల్లనైనా ఆలస్యం అవుతుందనిపిస్తే టికెట్ మార్చుకోకముందే ఆ అధికారి కార్యాలయానికి రాయాలి. తేదీ సవరించడమో, చేరికను తరువాతి టర్ముకు మార్చడమో అప్పటికి వారి చేతిలో ఉంటుంది. గడువు దాటాక విమానాశ్రయంలో ఎదురయ్యే అధికారికి ఆ వెసులుబాటు ఇచ్చే బాధ్యత లేదు.

క్రమం తప్పకుండా మందులు వాడేవారు వైద్యుడి లేఖను, మందు అసలు పేరుతో రాసిన చీటీని వెంట ఉంచుకోవాలి. ఒక దేశంలో మామూలుగా దొరికే మందు మరో దేశంలో నియంత్రణ జాబితాలో ఉండవచ్చు కనుక వెళ్లబోయే దేశపు నిబంధనలను ముందే చూసుకోవాలి. చూపు, వినికిడి, నడక, ఏకాగ్రత, దీర్ఘకాలిక వ్యాధి, ఏ ఇబ్బంది ఉన్నా దానికి సంబంధించిన తాజా వైద్య పత్రాలతో వైకల్య సహాయ విభాగానికి ప్రయాణానికి ముందే రాయడం మంచిది. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం, బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం అవసరమైన ఏర్పాట్లు చేసే బాధ్యతను విశ్వవిద్యాలయాలపై పెడుతున్నాయి. విదేశీ విద్యార్థులకూ ఆ రక్షణ ఉంది. అయితే పరీక్షలో అదనపు సమయం వంటి ఏర్పాట్లు సాధారణంగా ఆమోదం వచ్చిన నాటి నుంచే అమలవుతాయి. అప్పటికే రాసిన పరీక్షకు అవి వర్తించవు.

ఇంటి విషయంలో ఒక్క జాగ్రత్త తప్పనిసరి: స్వయంగానో, నమ్మకమైన మనిషి ద్వారానో చూడని ఇంటికి డిపాజిట్ పంపకూడదు. తొలి కొద్ది వారాలకు విశ్వవిద్యాలయ వసతిని గాని, తాత్కాలిక బసను గాని కుదుర్చుకుని, అక్కడికి చేరాక ఒప్పంద పత్రాన్ని హౌసింగ్ ఆఫీసుకో, విద్యార్థి సంఘం సలహా కేంద్రానికో చూపించి ఆ తరువాతే సంతకం చేయాలి. ఇంగ్లండ్‌లో సాధారణ అద్దె ఒప్పందం కింద తీసుకున్న డిపాజిట్‌ను యజమాని 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకంలో ఉంచాలని చట్టం చెబుతోంది. ఇటువంటి హక్కులు ఆయా కార్యాలయాల వారు వివరిస్తే తప్ప కొత్తగా వచ్చిన వారికి తెలిసే అవకాశం తక్కువ.

చేరిన తొలి వారాల్లో

చిరునామా నమోదు చిన్న విషయంగా కనిపించినా పెద్ద చిక్కులు తెస్తుంది. ఇల్లు మారితే అమెరికాలో 10 రోజుల్లోగా, ఆస్ట్రేలియాలో 7 రోజుల్లోగా కొత్త చిరునామాను తెలియజేయాలి. జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా స్థానిక కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి.

ఆరోగ్యం బాగున్నప్పుడే వైద్యానికి దారి సిద్ధం చేసుకోవాలి. బ్రిటన్‌లో విద్యార్థి వీసా రుసుముతో పాటు ఆరోగ్య సర్‌చార్జి చెల్లించినవారికి ప్రభుత్వ వైద్యసేవ అందుతుంది, కాని ముందుగా దగ్గరలోని జీపీ అనే స్థానిక కుటుంబ వైద్యుడి వద్ద పేరు నమోదు చేయించుకోవాలి. ఆస్ట్రేలియాలో వీసా ఉన్నంతకాలం ఓఎస్‌హెచ్‌సీ అనే విద్యార్థి బీమా ఉండాలి. ముందునుంచీ ఉన్న జబ్బులకు అందులో నిరీక్షణ కాలం ఉంటుంది గనుక పాలసీని చదివి తీరాలి. అమెరికాలో ఏ ఆసుపత్రి బీమా నెట్‌వర్కులో ఉందో, దేనికి క్యాంపస్ ఆరోగ్య కేంద్రం సరిపోతుందో తెలియకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళితే బిల్లు భరించలేనంతగా రావచ్చు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం బిల్లు గురించి ఆలోచించకూడదు. అమెరికా, కెనడాలలో 911, బ్రిటన్‌లో 999, ఐరోపా సమాఖ్య దేశాల్లో 112, ఆస్ట్రేలియాలో 000 అత్యవసర నంబర్లు.

కోర్సు వదలాలనిపించినప్పుడు

తొలి సెమిస్టరులో అతి పెద్ద నష్టం జరిగేది ఇక్కడే, అందుకే దీన్ని కొంత విస్తారంగా చెప్పవలసి ఉంది. బోధన పద్ధతి కొత్త, యాస కొత్త, వారం వారం అసైన్‌మెంట్లు కొత్త. ఒక సబ్జెక్టు అంతుపట్టనప్పుడు పోర్టల్‌లో ఒక్క మీట నొక్కి దాన్ని వదిలేయడం చాలా సులభం. స్థానిక విద్యార్థికి అది విద్యాపరమైన నిర్ణయం మాత్రమే. వీసాపై చదివేవారికి అది వలస హోదాను తాకే నిర్ణయం.

అమెరికాలో డిగ్రీ స్థాయి ఎఫ్-1 విద్యార్థి ప్రతి సెమిస్టరులోనూ సాధారణంగా కనీసం 12 క్రెడిట్లు చదవాలి. పీజీలో ఎన్ని అన్నది విశ్వవిద్యాలయం నిర్ణయిస్తుంది. ఆ సంఖ్య కంటే తగ్గవలసి వస్తే నిబంధనల్లోనే దారి ఉంది. ఇంగ్లీషులో తొలినాటి ఇబ్బంది, అక్కడి బోధన పద్ధతితో పరిచయం లేకపోవడం, స్థాయికి మించిన కోర్సులో పడటం వంటి కారణాలకు డీఎస్‌ఓ కోర్సు భారాన్ని తగ్గించడానికి అనుమతి ఇవ్వవచ్చు. అప్పుడు కూడా కనీసం సగం భారం చదవాలి, ఒక స్థాయి చదువులో ఈ కారణాలపై ఈ సదుపాయం ఒక్కసారే దొరుకుతుంది. అనారోగ్యమైతే వైద్యుడి పత్రంపై మొత్తం 12 నెలల వరకు ఇంకా ఎక్కువ సడలింపు ఉండవచ్చు, అవసరమైతే ఆ కాలంలో ఏ కోర్సూ చదవకుండా ఉండటానికీ వీలుంది. షరతు మాత్రం ఒకటే: కోర్సు వదలడానికి ముందు ఆ అనుమతి చేతిలో ఉండాలి. కారణం ఎంత న్యాయమైనదైనా, ముందు వదిలి తరువాత చెప్పినవారు హోదా కోల్పోయినవారి కిందికి వస్తారు. ఒకే విద్యార్థి, ఒకే జబ్బు, ఒకే కోర్సు అయినా రెండు పనుల వరుస తారుమారైతే ఫలితం పూర్తిగా మారిపోతుంది.

పరీక్షల విషయంలోనూ ఇంతే. బ్రిటన్‌లోని చాలా విశ్వవిద్యాలయాల్లో, పరీక్షకు కూర్చున్న విద్యార్థి తాను ఆరోగ్యంగా ఉన్నానని ప్రకటించినట్టే లెక్క అనే నియమం ఉంది. జ్వరంతోనో, ఇంట్లో మరణవార్త విన్న దుఃఖంతోనో ఎలాగో రాసి వచ్చి, మార్కులు తగ్గాక ఆ కారణం చూపితే తోసిపుచ్చవచ్చు. ఆ పూట పరీక్షకు వెళ్లకముందే పర్సనల్ ట్యూటరుకు గాని, విభాగం కార్యాలయానికి గాని రాసి, ప్రత్యేక పరిస్థితుల కింద దరఖాస్తు పెట్టుకుంటే మార్కులు దెబ్బతినకుండా మరో అవకాశం దొరకవచ్చు. ఆస్ట్రేలియాలో చదువులో వెనకబడుతున్న విదేశీ విద్యార్థులను గుర్తించి తోడ్పడే విధానం విశ్వవిద్యాలయం దగ్గర ఉండి తీరాలని 2018 నాటి జాతీయ నియమావళి చెబుతోంది. అక్కడి నుంచి వచ్చే హెచ్చరిక లేఖ సహాయానికి పిలుపే. దాన్ని చూసి భయపడి దాచుకోవద్దని, జవాబు ఇవ్వకుండా వదిలేయవద్దని గట్టిగా కోరుతున్నాను.

మనసు కుంగినప్పుడు

ఇంటి మీద బెంగ తొలి వారాల్లో సహజం. అయితే నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, తరగతులకు వెళ్లకపోవడం, ఫోన్లు ఎత్తకపోవడం రెండు మూడు వారాలు కొనసాగితే దాన్ని బెంగగా కొట్టిపారేయకూడదు. విద్యార్థులు కౌన్సెలింగ్‌కు వెళ్లకుండా ఆగిపోయేది ఎక్కువగా ఒక అపోహ వల్ల: అక్కడ చెప్పిన మాట ఇంటికో, అధ్యాపకులకో, వీసా అధికారులకో చేరుతుందన్న భయం. కౌన్సెలరుతో జరిగిన సంభాషణ గోప్యం. ప్రాణాపాయం, ఇతరులకు హాని, చట్టం తప్పనిసరి చేసిన సందర్భాలు మాత్రమే మినహాయింపు, ఆ హద్దులను మొదటి సమావేశంలోనే చెబుతారు. అపాయింట్‌మెంటుకు వారాల తరబడి వేచి ఉండాలని చెబితే వెనక్కి తిరిగి రావద్దు. పరిస్థితి తీవ్రంగా ఉందని స్పష్టంగా చెప్పి అదే రోజు మాట్లాడే వీలు అడగాలి. అమెరికాలో 2022 జులై నుంచి, కెనడాలో 2023 నవంబరు నుంచి 988 అనే మానసిక సంక్షోభ సహాయ నంబరుకు రాత్రింబవళ్లు కాల్ చేయవచ్చు, మెసేజ్ పంపవచ్చు. బ్రిటన్‌లో 116 123, ఆస్ట్రేలియాలో 13 11 14 నంబర్లు ఇలాంటివే. బ్రిటన్‌లోని అనేక విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులే రాత్రివేళ వినడానికి కూర్చునే నైట్‌లైన్ సేవ కూడా ఉంది.

తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. అమెరికాలో 1974 నాటి విద్యా రికార్డుల గోప్యతా చట్టం వల్ల, ఫీజు కట్టేది తామే అయినా, విద్యార్థి అనుమతి లేకుండా మార్కులు, హాజరు వివరాలు వారికి చెప్పరు. ఆరోగ్య, భద్రతా అత్యవసర పరిస్థితులకు మినహాయింపు ఉంది. ఎవరికి ఏ సమాచారం చెప్పవచ్చో, ఆపదలో ఎవరికి ఫోన్ చేయాలో విద్యార్థి తొలి వారంలోనే ఫారంలో రాసి ఇవ్వాలి.

పని, డబ్బు, మోసాలు

టర్ము నడుస్తున్నప్పుడు పనిగంటలకు పరిమితి ఉంటుంది. అమెరికాలో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు. బయట పనికి ప్రత్యేక అనుమతి కావాలి. బ్రిటన్‌లో డిగ్రీ స్థాయి విద్యార్థులకు వారానికి 20, కెనడాలో క్యాంపస్ బయట 2024 నవంబరు నుంచి వారానికి 24, ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి రెండు వారాలకు 48 గంటలు. ఈ నిబంధనలు తరచుగా మారుతుంటాయి కనుక స్నేహితుల మాటను నమ్మి పనిలో చేరవద్దు, అంతర్జాతీయ కార్యాలయాన్ని అడిగి చేరాలి. చేతికి నగదు ఇస్తామని, లెక్కల్లో చూపబోమని చెప్పే యజమాని విద్యార్థి వీసాను తన గుప్పిట్లో పెట్టుకుంటున్నాడని గ్రహించాలి.

ఫీజు గడువులోగా కట్టలేమనిపిస్తే గడువుకు ముందే వాయిదాల కోసం రాయాలి. బ్రిటన్‌లో విద్యార్థి వీసాపై ఉన్నవారు ప్రభుత్వ సంక్షేమ భత్యాలు తీసుకోకూడదు. విశ్వవిద్యాలయం తన సొంత కష్టనిధి నుంచి ఇచ్చే సాయం ఆ నిషేధంలోకి రాదు. ఈ తేడా తెలియక అర్హులైనవారు కూడా దరఖాస్తు చేయకుండా ఉండిపోకూడదు.

తక్కువ మారకపు రేటుకు ఫీజు కట్టిపెడతామనేవారు దొంగిలించిన కార్డులతో కట్టి, ఆ చెల్లింపు రద్దయ్యేలోగా విద్యార్థి ఇచ్చిన సొమ్ముతో మాయమవుతారు. వలస అధికారులమని ఫోన్ చేసి అరెస్టు, దేశ బహిష్కరణ అని బెదిరించి గిఫ్ట్ కార్డులు అడిగేవారు మోసగాళ్లే. ఫోన్ పెట్టేసి అంతర్జాతీయ కార్యాలయానికో, క్యాంపస్ పోలీసులకో చెప్పాలి. ఎవరి డబ్బునైనా తమ బ్యాంకు ఖాతా గుండా పంపడానికి ఒప్పుకుంటే విద్యార్థే నేరంలో భాగస్వామి అవుతాడు. వీసా సలహా ఇచ్చే హక్కు కూడా అందరికీ ఉండదు. బ్రిటన్‌లో 1999 నాటి వలస చట్టం ప్రకారం అర్హత లేకుండా ఆ సలహా ఇవ్వడం నేరం.

అసైన్‌మెంట్లు రాసిపెట్టే సంస్థల ప్రకటనలు తొలి నెలలోనే కనిపిస్తాయి. ఆస్ట్రేలియాలో 2020 నాటి, ఇంగ్లండ్‌లో 2022 నాటి చట్టాలు ఆ వ్యాపారాన్ని నిషేధించాయి. ఒకసారి డబ్బు కట్టిన విద్యార్థిని విశ్వవిద్యాలయానికి చెబుతామని తరువాత బ్లాక్‌మెయిల్ చేసే ప్రమాదం కూడా ఉంది. గడువు పొడిగింపుకు ఒక ఈమెయిల్, రైటింగ్ సెంటరులో ఒక గంట ఉంటే ఆ దారి తొక్కే అవసరమే రాదు.

విశ్వవిద్యాలయమే అన్యాయం చేసిందనిపిస్తే ముందుగా అక్కడి అంతర్గత ఫిర్యాదు విధానాన్ని చివరిదాకా నడపాలి. ఆ తరువాత ఇంగ్లండ్, వేల్స్‌లలో స్వతంత్ర న్యాయనిర్ణేత కార్యాలయానికి, విశ్వవిద్యాలయం ఇచ్చే ముగింపు లేఖ తేదీ నుంచి 12 నెలల్లోగా వెళ్లవచ్చు. ఆస్ట్రేలియాలో 2025 ఫిబ్రవరి 1 నుంచి విద్యార్థుల ఫిర్యాదులను విచారించే జాతీయ విద్యార్థి అంబుడ్స్‌మన్ పనిచేస్తున్నారు. అలాంటి చోట పనికొచ్చేది రాతపూర్వక ఆధారమే. అందువల్ల ప్రతి సమావేశం తరువాత ఏమి నిర్ణయించారో రెండు వాక్యాల్లో ఈమెయిల్ పంపి, విశ్వవిద్యాలయ ఖాతా మూతపడే లోపు ఆ ఉత్తరాల ప్రతులను సొంత ఖాతాలో భద్రపరచుకోవాలి.