మొదటి మడత చాకు: ఏది కొనాలి, ఎలా వాడాలి, ఎక్కడికి తీసుకెళ్లకూడదు

చాకు కొనే ముందు ఒక కాగితం మీద, ఈ నెలలో దానితో చేయబోయే మూడు పనులు రాయండి. జామకాయ కోయడం, పార్సిల్ విప్పడం, పురికొస తెంపడం, గులాబీ కొమ్మ కత్తిరించడం, పెన్సిల్ చెక్కడం, ఏదైనా సరే. మూడు పనులు తట్టకపోతే ఇప్పుడే కొనకండి. "ఎవరైనా మీదికొస్తే పనికొస్తుంది" అన్నది ఆ మూడింట్లో ఒకటైతే అసలు కొనకండి. మడత చాకు పిడికి చేతిని ఆపే అడ్డు ఉండదు. బలంగా పొడిస్తే చెయ్యి ముందుకు జారి మీ వేళ్లే తెగుతాయి. పైగా తోపులాటతో పోయే గొడవ చాకు బయటికి తీయగానే పెద్ద కేసవుతుంది. కోసే, పొడిచే వస్తువుతో గాయం చేస్తే భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. గాయం తీవ్రమైతే శిక్ష యావజ్జీవం దాకా వెళ్తుంది.

పద్దెనిమిది నిండనివాళ్లు అమ్మానాన్నలకు చెప్పి, వీలైతే వాళ్లని వెంటబెట్టుకునే కొనండి. ఇంట్లో వాళ్లకు తెలియకుండా దాచుకోవాల్సి వస్తుందంటే ఇంకా సమయం రాలేదన్నమాట.

ఎంత పొడవు, ఏ రకం

రోజువారీ పనులకు 5 నుంచి 7 సెంటీమీటర్ల అలుగు, అంటే కోసే ఉక్కు భాగం, సరిపోతుంది. యాపిల్ అంతకంటే లావుగా ఉన్నా, పండును తిప్పుతూ కోస్తే తెగుతుంది. అలుగు పొడవయ్యేకొద్దీ మొన మీ చూపు పడే చోటుకు దూరమవుతుంది. కొత్తవాళ్ల చేతులు తెగేది ఎక్కువగా అక్కడే.

మడత చాకుల్లో రెండు రకాలు చాలు. మొదటిది లాక్ లేనిది. వెనక ఉన్న స్ప్రింగు బిగువుతోనే అలుగు నిలబడుతుంది. స్విస్ చాకుల్లో చాలా మటుకు ఇలాంటివే. విక్టోరినాక్స్‌లో 58 మిల్లీమీటర్ల చిన్నది తాళాల గుత్తికి తగిలించుకునేంత ఉంటుంది, కవర్లు, దారాలు తెంపడానికి బాగుంటుంది. పండ్లు కోయాలంటే మూసినప్పుడు 84 నుంచి 91 మిల్లీమీటర్లు ఉండేది తీసుకోండి. రెండోది తెరిచాక లాక్ పడేది. ఫ్రాన్సులో చేసే ఒపినెల్ చాకుకు పిడి పైభాగంలో ఇనుప ఉంగరం ఉంటుంది, దాన్ని తిప్పితే అలుగు కదలదు. పిల్లల కోసం మొన గుండ్రంగా చేసిన చాకులు ఈ రెండు కంపెనీలకూ ఉన్నాయి. పదీ పన్నెండేళ్ల వాళ్లకు మొదటి చాకుగా అదే ఇప్పించండి. గుండ్రటి మొన కోసే పనికి ఏమీ అడ్డం రాదు.

బటన్ నొక్కితే టక్కున తెరుచుకునే చాకుల జోలికి వెళ్లకండి. ఢిల్లీలో 1980 నుంచి ఉన్న నోటిఫికేషన్ ప్రకారం 7.62 సెంటీమీటర్లు, అంతకుమించి పొడవూ, 1.72 సెంటీమీటర్లు, అంతకుమించి వెడల్పూ ఉన్న బటన్ చాకు దగ్గరుంటే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. దేశమంతటికీ వర్తించే 2016 ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న అలుగుల్ని ఆయుధాల కింద లెక్కగట్టారు. ఇంటికి, పొలానికి, పరిశ్రమకు చేసినవాటికి మినహాయింపు ఉంది. మీ చిన్న చాకు ఈ కొలతలకు చాలా లోపలే ఉంటుంది, కానీ కొలత ఒక్కటే చూసుకుంటే చాలదు. ఆ సంగతి కింద చెబుతాం.

ఇక ఉక్కు. తడిచేతులతో పండ్లు కోసేవాళ్లకు స్టెయిన్‌లెస్ మేలు. కార్బన్ ఉక్కు త్వరగా పదునెక్కుతుంది గానీ పచ్చిమామిడి, నిమ్మ పులుపు తగిలితే నిమిషాల్లో నల్లబడుతుంది, తుడవకుండా వదిలేస్తే తుప్పు పడుతుంది.

కొట్లో చాకు చేతికి తీసుకుని అలుగును పక్కలకు ఊపి చూడండి. ఊగితే ఇరుసు వదులుగా ఉన్నట్టే, అది వద్దు. మూసినప్పుడు అలుగు గాడి మధ్యలో దిగాలి. ఒక పక్కకు రాసుకుంటుంటే నాలుగు రోజుల్లో పదును పోతుంది. తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ స్ప్రింగు టక్‌మని పట్టాలి. గోరు విరిగేంత గట్టిగా ఉన్నదీ మంచిది కాదు, తెరవడానికి తంటాలు పడుతున్నప్పుడే చెయ్యి జారుతుంది. ఎర్ర పిడి మీద తెల్ల శిలువ కనిపించినంత మాత్రాన అది స్విస్ చాకు అనుకోవద్దు. బజార్లో నకిలీలు బోలెడు. వాటి ఉక్కు మెత్తన, రెండు అట్టపెట్టెలు కోసేసరికి అంచు వంగుతుంది.

చేతిలోకి తీసుకున్నాక

చాకు మూసి ఉండగానే చెయ్యి చాచి చుట్టూ తిరగండి. మీ వేళ్ల కొసలకు ఇంకో అడుగు దూరం దాకా ఎవరూ లేకపోతేనే తెరవండి. నడుస్తూ, బస్సులో నిలబడి, మంచం మీద పడుకుని వాడొద్దు.

కోత ఎప్పుడూ ఒంటికి దూరంగా పోవాలి. అలుగు జారితే ఎక్కడికి వెళ్తుందో ముందు చూసుకోండి. ఆ దారిలో బొటనవేలు, తొడ, పక్కవాడి చెయ్యి ఉండకూడదు. కూర్చుని పుల్ల చెక్కేటప్పుడు మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, చెక్కేది మోకాళ్లకు అవతల ఉంచండి. రెండు తొడల మధ్య పెట్టుకుని చెక్కకండి, తొడ లోపలి వైపున పెద్ద రక్తనాళం ఉంటుంది. మొదటి సాధనకు పచ్చి వేపపుల్ల మంచిది, ఎండు కర్ర కంటే సులువుగా తెగుతుంది, అలుగు జారదు.

లాక్ లేని చాకుతో జరిగే అసలు ప్రమాదం వేరే ఉంది. మొనతో బెల్టుకు కన్నం పెడదామని గుచ్చుతారు. గుచ్చినప్పుడు బలం అలుగు వెనక్కి మడిచే దిశలో పడుతుంది, స్ప్రింగు తట్టుకోలేక అలుగు వేళ్ల మీదికి మూసుకుంటుంది. అందుకే ఈ రకంతో కోయడమే తప్ప గుచ్చడం వద్దు. కన్నం కావాలంటే దబ్బనం వాడండి. కొబ్బరికాయ కొట్టడం, డబ్బా మూత పెకలించడం, స్క్రూలు తిప్పడం కూడా అలుగుతో చేసే పనులు కావు. మొన విరిగి కంట్లో పడవచ్చు.

పార్సిల్ టేపు కోసేటప్పుడు మొనను రెండు మూడు మిల్లీమీటర్లే దించండి, లోపలి వస్తువు గీరుకుపోదు.

మూసేటప్పుడు పిడిని గాడి పక్కల నుంచి పట్టుకుని, రెండో అరచేత్తో అలుగు వీపును, అంటే పదును లేని అంచును, నొక్కండి. గాడి లోపల వేలు ఉండకూడదు. చేయి జారి కింద పడుతున్న చాకును పట్టుకోబోకండి, కాళ్లు వెనక్కి తీయండి. ఇంకొకరికి ఇవ్వాలంటే మూసి ఇవ్వండి. "కత్తి చేతికివ్వకూడదు, కింద పెట్టు, గొడవలొస్తాయి" అని ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు కదా, గొడవల మాట ఎలా ఉన్నా ఆ అలవాటు చేతులకు చాలా మంచిది.

తెగిందా? శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి గుండె కంటే ఎత్తులో పెట్టి, పది నిమిషాలు వదలకుండా పట్టుకోండి. మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టే రక్తం మళ్లీ విడిపోతుంది. కాఫీపొడి, పసుపు కూరకండి, లోతైన గాయంలో అవి చెత్తే, డాక్టరు మళ్లీ కడిగి తీయాలి. పది నిమిషాలకూ రక్తం ఆగకపోయినా, వేలు వంగకపోయినా, వేలికొస మొద్దుబారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ టీకాల పట్టికలో 10, 16 ఏళ్లకు ధనుర్వాతం సూది ఉంది, అది పడిందో లేదో డాక్టరుకు చెప్పండి.

ఎక్కడికి తీసుకెళ్లకూడదు

చాకు రోజూ జేబులో ఉండాల్సిన వస్తువు కాదు. పని ఉన్న రోజు తీసుకెళ్లి, పని అయ్యాక ఇంటి సొరుగులో పెట్టండి. బడికి, కాలేజీకి, పరీక్షకు, కోర్టుకు, సభలకు, ఊరేగింపులకు, సినిమాకు వద్దు. మెట్రోకు, తిరుమలకు వెళ్తుంటే ఇంట్లోనే వదలండి, స్టేషన్లోనూ అలిపిరి దగ్గరా సామాను తనిఖీ ఉంటుంది. విమానంలో చేతిసంచిలో కుదరదు, లోపలికి పంపే పెట్టెలో సర్దాలి. సంచి మూలలో మరిచిపోయిన చాకును స్కానర్ దగ్గర వదులుకున్నవాళ్లు చాలామంది, బయల్దేరే ముందు అన్ని జేబులూ తిరగేసి చూడండి.

ఎన్నికలప్పుడు, పెద్ద పండగలప్పుడు, గొడవలప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ ఉత్తర్వులు వస్తుంటాయి. పాతపేరు 144. వాటిలో కత్తులు, కర్రలు పట్టుకుని తిరగడాన్ని నిషేధిస్తే చిన్న చాకుకూ జవాబు చెప్పాలి. పోలీసు అడిగితే జేబులో చెయ్యి పెట్టకుండా, ముందు "నా కుడి జేబులో చాకుంది సార్" అని చెప్పి, వాళ్లు చెప్పినట్టు చేయండి.

చదువుకు బ్రిటన్ వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడ 3 అంగుళాలు మించని, లాక్ లేని మడత చాకును కారణం లేకుండా దగ్గరుంచుకోవచ్చు. లాక్ ఉంటే ఎంత చిన్నదైనా సరైన కారణం చూపాలి.

పదును, నూనె

మొద్దు చాకుకు బలం ఎక్కువ పెట్టాలి, బలం ఎక్కువైతే జారుతుంది. 1000 గ్రిట్ (రాయి గరుకుదనం కొలత) సానరాయిని పది నిమిషాలు నీళ్లలో నానబెట్టండి. అలుగును రాయి మీద పడుకోబెట్టి వీపు కొద్దిగా ఎత్తండి. 15 మిల్లీమీటర్ల వెడల్పు అలుగుకు 4, 5 మిల్లీమీటర్ల ఎత్తు అంటే 15 నుంచి 20 డిగ్రీల కోణం వస్తుంది. ఆ కోణం మారకుండా ఒక పక్క తోయండి. అవతలి పక్క అంచు వెంట సన్నని గరుకు తగలాలి. అది మొన నుంచి మొదలు దాకా వచ్చాకే రెండో పక్క మొదలుపెట్టండి. చివర్లో పాత తోలు బెల్టు లోపలి వైపు, వీపు ముందుండేలా పది సార్లు లాగితే గరుకు పోతుంది. పదునును కాగితం కోసి చూడండి, బొటనవేలితో వద్దు.

వీధిలో తిరిగే సానచక్రానికి మాత్రం ఇవ్వకండి. వంటింటి కత్తికి అది పర్వాలేదు గానీ, పల్చటి అలుగును నిప్పురవ్వలు లేచేలా రుద్దితే అంచు వేడెక్కి ఉక్కు గట్టిదనం పోతుంది, మళ్లీ పదును నిలవదు.

మామిడి జిగురు, ఇసుక చేరి బిగుసుకుంటే గోరువెచ్చని సబ్బునీళ్లలో పదిసార్లు తెరిచి మూసి, పూర్తిగా ఆరనిచ్చి, ఇరుసులో ఒక్క చుక్క నూనె వేయండి. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ పండ్లు కోసే చాకుకు తగినది. కొబ్బరినూనె వేస్తే చలికాలంలో గడ్డకట్టి, కొన్నాళ్లకు జిగటవుతుంది.