బెంగళూరులో పెళ్ళిచూపులు: అమ్మాయిని ప్రదర్శనకు పెట్టకుండా జరపడం ఎలా

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఆడపిల్లల చదువు, సంపాదన ఒక్క తరంలోనే ఎంతో మారాయి గాని, పెళ్ళిచూపుల తీరు మాత్రం అంతగా మారలేదు. మారతహళ్ళిలో మా అక్క ఇంట జరిగిన చూపులు నాకు ఇంకా గుర్తున్నాయి. రాత్రంతా ఆఫీసు పనిలో మేలుకొని ఉన్న పిల్ల, పొద్దున్నే పట్టుచీర కట్టుకుని కాఫీ ట్రేతో వస్తే, అబ్బాయి మేనత్త "కొంచెం అటు నడిచి చూపించమ్మా" అన్నారు. ట్రేలో కప్పులు సాసర్లకు తగిలి గలగలలాడాయి. ఆ రోజు నుంచి మేము పద్ధతి మార్చుకున్నాము.

మొదట బయోడేటా సరిచేయండి. ఒక పెద్ద పెళ్ళిసంబంధాల వెబ్‌సైటు 2020లోనే ఒంటిరంగును బట్టి వెతికే సదుపాయాన్ని తొలగించినా, మన బయోడేటాల్లో "తెల్లని ఛాయ" అన్న మాట ఇంకా పోలేదు. ఆ వరుసను పూర్తిగా కొట్టివేసి, అక్కడ అమ్మాయి చేసే పనిని వివరంగా రాయండి. నిలువెత్తు ఫొటో కావాలని పట్టుబట్టేవారికి మర్యాదగానే వద్దని చెప్పండి.

తర్వాత చోటు. ఇంటి హాలుకు బదులు లాల్‌బాగ్‌లో గ్లాస్ హౌస్ దగ్గర కలుసుకోండి. పెద్దలు ఒక పక్కన కూర్చుంటే, వారిద్దరూ కనీసం గంటసేపు నడుస్తూ మాట్లాడుకోగలరు. ఆపైన దగ్గరి దర్శినిలో, అంటే సెల్ఫ్ సర్వీసు టిఫిన్ హోటల్లో, ఎవరి కాఫీ వారే కౌంటర్ నుంచి తెచ్చుకుంటారు కనుక, ట్రే పట్టుకుని నిలబడే పని ఎవరికీ ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ గంటలో అడగవలసిన ప్రశ్నలు. "వంట వచ్చా" అన్న ప్రశ్న ఇద్దరికీ చెందుతుంది. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవారిలో ఆడవారు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, మగవారు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. "నేను సాయం చేస్తాను" అనే అబ్బాయి మంచివాడే కావచ్చు, కాని ఆ మాటలోనే పని ఆమెదన్న భావన దాగి ఉంది. అందుకే "ఈ పొద్దున మీ ఇంట్లో టిఫిన్ ఎవరు చేశారు, గిన్నెలు ఎవరు కడిగారు" అని అడగమని మా పిల్లకు చెప్పాను. రాత్రి షిఫ్టులు, బదిలీలు, వృద్ధాప్యంలో ఇరువైపుల తల్లిదండ్రుల బాధ్యత, జీతం ఎవరి ఖాతాలో ఉంటుందన్న విషయం కూడా అప్పుడే తేల్చుకోవాలి.

కట్నం మాట వస్తే అక్కడితో ఆపేయండి. "లాంఛనాలు" అని పేరు మార్చినా, 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద అడగడమూ నేరమే, ఇవ్వడమూ నేరమే.

జవాబును వారాల తరబడి నాన్చకండి. వద్దనుకుంటే రంగు, ఎత్తు, ఒళ్ళు ప్రస్తావించకుండా అభిప్రాయాలు కలవలేదని చెప్పండి. ఆ మాట అమ్మాయి వైపు నుంచి ముందుగా వచ్చినా తప్పేమీ లేదు. మా పిల్ల రెండో సంబంధం వారికి తానే ఫోన్ చేసి చెప్పింది. "నేరుగా చెప్పినందుకు థాంక్స్ అండీ" అన్నాడా అబ్బాయి.