డీసిల్టర్ కోన్ల నుంచి తాడులా దిగిన బురద: నా అనుభవం

కృష్ణా-గోదావరి బేసిన్‌లోని బావి తవ్వే ఒక రిగ్గుపై నేను మడ్ ఇంజనీరుగా ఉన్నప్పుడు, గాలన్‌కు 9.5 పౌండ్ల వద్ద ఉంచవలసిన డ్రిల్లింగ్ మడ్ (తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద ద్రవం) బరువు, ఎన్నిసార్లు నీరు కలిపినా నిలవక పెరుగుతూనే వచ్చింది. మడ్‌ను గిర్రున తిప్పి సన్నని ఇసుకను వేరుచేసే డీసిల్టర్‌లోని 4 అంగుళాల కోన్ల (గరాటు ఆకారపు గొట్టాల) అడుగున గొడుగులా విచ్చుకుని చిమ్మవలసిన బురద తాడులా దిగుతోంది. చూసేవారికి అది బాగా పనిచేస్తున్నట్లే అనిపిస్తుంది. నిజానికి కోన్ మధ్యనుండే గాలి స్తంభం మూసుకుపోయి, సన్నని ఇసుక పైదారిన తిరిగి ట్యాంకులోకే పోతుంది.

ఈ కోన్లకు సుమారు 75 అడుగుల హెడ్ (అంత ఎత్తు మడ్ కలిగించే పీడనం) కావాలి. అంటే గాలన్‌కు పౌండ్లలో చెప్పే మడ్ బరువుకు దాదాపు 4 రెట్లు పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). మాకు 37 రావలసిన చోట గేజి 24 చూపింది. సెంట్రిఫ్యూగల్ పంపు సక్షన్ గొట్టంలో పేరుకున్న ఇసుకను తీయించగానే పీడనం సరిపోయింది గానీ, రెండు కోన్ల తీరు మాత్రం మారలేదు. వాటిని విప్పితే అడుగు రంధ్రాలలో ముతక రాతి ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. అంతటి ముక్కలు షేల్ షేకర్‌ను (మడ్‌ను అన్నిటికంటే ముందు వడకట్టే అదిరే జల్లెడను) దాటి రాకూడదు కదా అని వెతికితే, జల్లెడ మూలన అరచేతి వెడల్పు చిరుగు కనిపించింది (మొదట చూడవలసింది దాన్నే). జల్లెడ మార్చి, కోన్లు కడిగి బిగించాక, అదే షిఫ్టులో బరువు పెరగడం ఆగింది.